గొడుగు, నిచ్చెన, మేక

మా పరిశోధనలో అందరూ పాసయ్యారు. పాసవడమేమిటి, దుమ్ము దులిపేశారు. డెబ్భై దాటిన షుగర్ రోగులు పదిహేను మాటలు విని, అరగంట తర్వాత పదిహేనూ అప్పజెప్పారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త గోళీ. ఎవరికేదో మాక్కూడా తెలీకుండా సీలు వేసిన కవరులో ఉంది. మార్కులు మాత్రం అందరికీ ఒకటే.

“ఈ లెక్కన వీళ్ళు మనకంటే నయం. ఇదెక్కడి చోద్యం?” అంది మా ఫలితాల లెక్కలు చూసే ఆవిడ. నాకు ఒళ్ళు మండిపోయింది.

మెదడులో ఒక కణం ఇంకో కణాన్ని పిలవడానికి వాడే రసాయనం గ్లుటమేట్. ఆ పిలుపు సమంగా ఉంటేనే జ్ఞాపకం నిలుస్తుంది. అదే పనిగా చెవిలో అరుస్తూ ఉంటే అవతలి కణం అలిసిపోయి చస్తుంది. వయసు మళ్ళిన షుగర్ రోగుల్లో ఆ అరుపు ఎక్కువవుతోందని మా అనుమానం. ఒక షుగర్ మందు దాన్ని తగ్గిస్తుందేమోనని ఆశ. గ్లుటమేట్‌ని స్కానింగులో కొలుస్తాం, జ్ఞాపకాన్ని ఆ మాటలతో కొలుస్తాం. రెండోది లేకపోతే మొదటిది ఉత్త అంకె.

నాకు సొంత ఆశ కూడా ఉంది. నాన్న పోయాక నన్ను చదివించిన బాబాయి, రిటైరైన హెడ్మాస్టారు, ఇందులో చేరాడు. సొంత మనిషి కాబట్టి ఆయన పరీక్షలు వేరేవాళ్ళు పెడతారు. ఈమధ్య ఇన్సులిన్ వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్ళీ వేసుకుని వంటింట్లో పడిపోయాడు. “ఈసారి మార్కులు తగ్గితే ఆ ఇంజెక్షన్ పెన్ను నా దగ్గరే ఉంటుంది” అన్నాను. అలిగి మాట్లాడ్డం మానేశాడు.

ఆ పొద్దున, ఇంకా పరీక్షలు మిగిలిన చివరి విడత వాళ్ళు పరగడుపున వచ్చి కూర్చున్నారు. అటుగా వెళ్తూ వాళ్ళ గది తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల పాఠం జరుగుతోంది.

“గొడుగు తర్వాత?”

“నిచ్చెన,” అన్నారందరూ.

“నిచ్చెన ఎక్కింది?”

“మేక.”

“మేక మింగింది?”

“సబ్బు,” అన్నాడు ఒక ముసలి టైలరు.

“సబ్బు తర్వాతయ్యా. తాళం,” అన్నాడు మా బాబాయి.

“ఏం చేస్తున్నావు బాబాయ్?”

“కనిపించట్లా? రివిజను. నా బళ్ళో ఏ ఏడూ ఒక్కడు తప్పలేదు. ఇక్కడ తప్పనిస్తానా?”

“మాస్టారు లేకపోతే మా పని అయిపోయేదమ్మా,” అన్నాడు టైలరు. “మార్కులు తగ్గితే ఇన్సులిన్ లాగేసుకుంటారట కదా.”

“ఎవరన్నారు?”

అందరూ బాబాయి వైపు చూశారు. బాబాయి నా వైపు చూశాడు.

మూడేళ్ళ పని నీళ్ళపాలైంది. వాళ్ళని తిట్టి ఏం లాభం? ఆర్నెల్లకోసారి అవే మాటలు అడుగుదాం, ముసలివాళ్ళకి ఎక్కడ గుర్తుంటాయిలే అని మా పెద్ద డాక్టరు అంటే మేమంతా గంగిరెద్దుల్లా తలలూపాం. తలచుకుంటే నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది.

అప్పుడు చూశాను, బాబాయి కాలరు చెమటతో తడిసిపోయింది. పరగడుపున వచ్చే రోజు ఏదైనా తినేదాకా ఇన్సులిన్ ముట్టకూడదు.

“పొద్దున ఇంజెక్షన్ వేసుకున్నావా?”

ఆయన, జవాబు అందిస్తాడేమోనని టైలరు వైపు చూశాడు.

“అది మనం చదువుకున్నవాటిలో లేదే,” అన్నాడు.

నర్సు వేలు గుచ్చి చూసింది. షుగరు బాగా పడిపోయింది. పళ్ళరసం గ్లాసు ఆయన చేతికిచ్చి కింద నా చెయ్యి పెట్టాను. కాసేపటికి తేరుకున్నాడు.

“నేను మింగేది అసలు మందేనంటావా?”

“నాకూ తెలీదు.”

“పనిచేస్తోందా?”

“అది తెలుసుకోడానికే ఆ మాటలు పెట్టింది. వాటిని మీరు బట్టీ పట్టారు.”

ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత జేబులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

“కొత్త మాటలు అడుగు,” అన్నాడు. “తప్పితే తప్పనీ.”

షుగరు కుదుటపడ్డాక ఐదే ఐదు కొత్త మాటలు చెప్పాను. అరగంట ఆగి అడిగాను. ఆయన సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. గొడుగు, నిచ్చెన, మేక, తాళం, సబ్బు అంటూ పాత పదిహేనూ వరసగా అప్పజెప్పి, ఎన్ని మార్కులొచ్చాయని నా మొహంలోకి చూశాడు.