ఐదో అంశం

మాత్రల సీసా మీది లేబుల్ ఊరికే ఊడిరాదు. వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, గోటితో అంచు లేపి, మిగిలిన జిగురును నూనె గుడ్డతో తుడవాలి. పదకొండేళ్లుగా నెలకు రెండు సీసాలు, ఒకటి మా ఆయనది, ఒకటి నాది. ఆ రోజు పొద్దున కూడా అదే పనిలో ఉన్నాను, కాకపోతే కూనిరాగం తీస్తూ. ఇంకో నాలుగు గంటల్లో విద్యాశాఖ సెక్రటరీ గారి దగ్గర మీటింగ్. రాష్ట్రంలోని బడులన్నిటిలో హెచ్ఐవి గురించి ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో, అది సోకిన పిల్లలతో, టీచర్లతో ఎలా మసలుకోవాలో అక్కడ తేలిపోతుంది. ఆ ప్రణాళికలో ముప్పాతిక భాగం నేను రాసిందే. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అయినా ఒళ్లంతా ఒకటే హుషారు.

"పొద్దున్నే ఏంటే ఆ పాట?" అంది అత్తయ్య గుమ్మంలోంచి. ఆవిడ లెక్కలో అవి బలం మాత్రలు. "వాడంటే నీరసపు మనిషి. నీకెందుకే ఇవి? మాటకు మాట చెప్పడానికి ఉన్న బలం చాలట్లేదా?" అని ఆవిడ అన్నప్పుడల్లా నాకు నవ్వే వస్తుంది. ఆవిడ మీద కోపం లేదు. ఆవిడకు తెలియకుండా చూడటం నాకు అప్పజెప్పిన పని, అంతే. మందులిచ్చే కేంద్రం మా ఊళ్లోనే ఉంది. "ఇక్కడ ఎవరైనా చూస్తే?" అన్నారు ఆయన మొదటి నెలలోనే. అందుకని వేరే ఊరికి రెండు గంటల బస్సు ప్రయాణం, అదీ నేనే. "ఇన్సూరెన్స్ ఆఫీసులో నాకు సెలవెక్కడ దొరుకుతుంది? టీచర్లకేం, బోలెడు సెలవులు." ఇద్దరికీ హెచ్ఐవి ఉందని డాక్టరు ఒకేరోజు చెప్పాడు. బయటికొచ్చాక ఆటోలో "ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎవరు చెప్పగలరులే" అన్నారు ఆయన. జ్వరాలతో ఏడాది ముందు నుంచీ మంచాన పడిందెవరో ఇద్దరికీ తెలుసు. నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఇంటిపనుల్లో కలిసిపోయింది.

బడిలో పంతొమ్మిదేళ్లు సైన్సు చెప్పాను, చివరి మూడేళ్లు ఇన్‌చార్జి హెడ్మిస్ట్రెస్‌ని. రెండేళ్ల కిందట డెప్యుటేషన్ మీద ఈ పాఠ్యపుస్తకాల ఆఫీసుకొచ్చాను. మా డైరెక్టరును అందరం చాటుగా కామా గారు అంటాం. ఎన్ని పేజీలు రాసిచ్చినా రెండు కామాలు దిద్ది, కింద తన పేరు వేసుకుంటాడు. ఏటా ప్రతి బడికీ మేం ఒక ఫారం పంపిస్తాం. అందులో పన్నెండో గడి: మీ బడిలో హెచ్ఐవి ఉన్న ఉపాధ్యాయులు ఎందరు? ఏ హెడ్మాస్టరూ ఎవరినీ అడగడు, అడిగినా ఎవరూ చెప్పరు. సున్నా వేసి సంతకం పెట్టేస్తారు. ఇరవైమూడు వేల బడుల ఐదేళ్ల ఫారాలకు కూడిక వేసింది నేనే. మొత్తం సున్నా. ఒక్కదాన్నే కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆ సున్నాల్లో మా బడి సున్నా కూడా ఉంది మరి. స్టాఫ్ రూమ్ మూల నిలబడి మాత్ర మింగి, వచ్చి, నా చేత్తో నేనే వేశాను.

ముందురోజు సాయంత్రం కామా గారు పిలిచాడు. "ఐదో అంశం తీసేయమ్మా. లేనివాళ్లకు రక్షణేంటి? సున్నా! ఇంతకంటే గొప్ప ఫలితం ఏ రాష్ట్రం చూపించింది?" అన్నాడు. నిరుడు ఒక కుట్టుపని టీచరు సంగతి బయటపడితే ఆమెను తరగతికి పోనీయకుండా స్టోరు గదిలో కూర్చోబెట్టారు. మూడు నెలలకు ఆమే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది. ఆ బడి ఫారంలో మళ్లీ సున్నా వచ్చింది. హెచ్ఐవి ఉన్న టీచరును తరగతికి దూరం చేయకూడదనే ఐదో అంశం నేను రాసింది ఆమె కోసం. కాదు, అబద్ధమెందుకు, నా కోసం కూడా.

ఆ పొద్దున మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా చెప్పాను. "ఇవాళ మీటింగులో అవసరమైతే నా సంగతి చెప్పేస్తానండీ."

"పిచ్చిగాని పట్టిందా నీకు? నీ సంగతి చెబితే నాది చెప్పినట్టే కదా!"

"మీ గురించి ఒక్క మాట అనను. ఎవరడిగినా, ఆయన్నే అడగండి అంటాను."

"ఎవడూ అడగడు. వాళ్లే అనుకుంటారు. ఇన్నాళ్లూ నోరు మూసుకుని బానే ఉన్నావుగా, ఇవాళ ఏమొచ్చింది?"

ఆ కళ్లలో భయం చూస్తే జాలేసింది. నాకూ భయంగానే ఉంది. "భయపడకండి, నేనున్నాగా" అనే మాట నోటిదాకా వచ్చింది, పదకొండేళ్ల అలవాటు. ఆపుకున్నాను. "మీ సీసా గిన్నెలో నానుతోంది. లేబుల్ తీస్తారో ఉంచుతారో మీ ఇష్టం" అని చెప్పి, బ్యాగు తగిలించుకుని మెట్లు దిగాను. బస్టాపు దాకా దాదాపు పరిగెత్తాను. బస్సుకింకా టైముంది, అయినా పరిగెత్తాను.

మీటింగులో పద్నాలుగు మంది, ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకని టీలు అందించడం, మినిట్స్ రాయడం నా వంతు. "మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందమ్మా" అని మెచ్చుకోలు కూడానూ. కామా గారు లేచి సున్నాను తెర మీద చూపించాడు. చప్పట్లు పడ్డాయి. సెక్రటరీ గారు నవ్వి, "అయితే ఐదో అంశం కొట్టేద్దామా?" అన్నారు. చుట్టూ కలాలన్నీ కాగితాల మీదికి వంగాయి. నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఆ మొత్తం తప్పు."

"కూడికలో తప్పొచ్చిందా?"

"కూడిక సరిగ్గానే ఉంది సార్, కూడింది నేనే. రాసిచ్చినవాళ్లం తప్పు రాశాం. ఇన్‌చార్జిగా ఉన్న మూడేళ్లూ మా బడికి సున్నా వేశాను. ఒకటి వేయాల్సింది. ఆ ఒకటి నేనే."

నేనిచ్చిన టీ కప్పును పక్కాయన మెల్లగా అవతలికి జరిపాడు. హెచ్ఐవి టీ కప్పుల వల్ల రాదని ప్రణాళిక మూడో పేజీలో ఉంది, ఆయన సంతకం పెట్టిన పేజీయే. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. "మీరు కాసేపు బయటికెళ్లి నీళ్లు తాగి రండమ్మా" అన్నాడు కామా గారు. నేను కదల్లేదు. ఒంట్లో ఇంత తేలిక ఎప్పుడుందో గుర్తులేదు. అరవాలనిపించేంత సంతోషంగా ఉంది.

సెక్రటరీ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగారు.

"ఇప్పుడు మీ విషయంలో మేం ఏం చేయాలంటారు?"

"ఐదో అంశంలో రాశాను సార్. ఇంకా కొట్టేయలేదుగా, చదవమంటారా?"