మారెన్ చాక్లెట్లు వేరు

వేరుశెనగ పలుకు నోట్లో పడితే చాలు, మారెన్ గొంతు పూడుకుపోతుంది. అందుకే ఎనిమిదేళ్లు వచ్చినా ఆ పిల్ల హాలోవీన్ పండగ రాత్రి వేషం కట్టి, చాక్లెట్ల కోసం తోటివాళ్లతో ఇల్లిల్లూ తిరిగి ఎరగదు. ఈ ఏడు ఏడ్చి సాధించింది. "నా చెయ్యి పట్టుకోకూడదు. వెనకాల ఎక్కడో నడు," అని తల్లి కొరిన్ దగ్గర మాట కూడా తీసుకుంది.

కొరిన్ జాగ్రత్త కొరిన్‌ది. పొద్దున్నే వీధిలో ప్రతి గడపా ఎక్కి, పల్లీ తగలని చాక్లెట్ల పొట్లం ఒకటి చేతిలో పెట్టి, "మా అమ్మాయికి ఇదే వెయ్యండి. మిగతావాటితో కలిపారంటే ప్రాణం మీదికొస్తుంది," అని బతిమాలుకుని వచ్చింది. అందరూ నవ్వుతూనే తీసుకున్నారు.

పొద్దు గూకుతుండగా గుడ్లగూబ వేషంలో మారెన్, మిగతా పిల్లలు బెవ్ స్టాడర్డ్ గుమ్మం ఎక్కారు. బెవ్ అందరి సంచుల్లో గుప్పెళ్లతో పోసింది. మారెన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైనుంచి జారవిడిచింది.

"దీనికి వేరేనా?" అన్నాడు సముద్రపు దొంగ వేషంలో ఉన్న ఆమె కొడుకు గ్రాంట్.

"దాన్ని ముట్టుకోకురా. ఉబ్బిపోయి చచ్చిందంటే మన పీకలకి చుట్టుకుంటుంది," అంది బెవ్. రోడ్డు మీద కొరిన్ వింటోందని ఆమెకు తెలుసు.

పిల్లలు పక్కింటి మెట్ల దాకా వచ్చేసరికి ఆ ఇంటి గుమ్మంలో లైటు ఆరిపోయింది. లైటు వెలిగితే రమ్మని, ఆరితే వద్దని. ఆ సంగతి ఆ వీధి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

"చాక్లెట్లు అయిపోయాయేమో," అంది మారెన్.

ఆ తర్వాతి ఇంటి లైటూ ఆరింది. కిటికీ తెర వెనక ఎవరిదో తల కదిలింది.

"అయిపోవడం కాదు. మా అమ్మ ఫోన్లు చేస్తోంది," అన్నాడు గ్రాంట్, తమ ఇంటి కిటికీ వైపు చూపిస్తూ. "నీకేమన్నా అయితే మీ అమ్మ అందర్నీ కోర్టుకీడుస్తుందట. ఇంటికి ఫోవే గుడ్లగూబా. నీవల్ల మాకూ దొరకట్లేదు."

మారెన్ తన స్నేహితురాలు ఐవీ వైపు చూసింది.

"రేపు బళ్లో ఆడుకుందాంలే," అంది ఐవీ, సంచి ముడి సవరించుకుంటూ.

మారెన్ వెనక్కి నడిచి వచ్చింది. తల్లి చాపిన చెయ్యి పట్టుకోలేదు.

"అందరికీ చెప్పావా?"

"నీ కోసమే కదమ్మా."

వాళ్లు మలుపు తిరగకముందే వెనక ఒక్కొక్క గుమ్మమూ వెలిగింది. పిల్లల అరుపులు మళ్లీ మొదలయ్యాయి. మారెన్ తిరిగి చూడలేదు.

"వచ్చే ఏడు ఎవరికీ చెప్పకు. ఏది పెడితే అది తీసుకుంటాను. పోతే పోతాను."

పల్లీ తగిలితే వెంటనే పొడవడానికని కోటు జేబులో ఎప్పుడూ ఉంచుకునే ఇంజెక్షన్ మీద కొరిన్ వేళ్లు బిగుసుకున్నాయి.

"వచ్చే ఏడు నిన్ను గడప దాటనిస్తే కదా," అంది.