వంటింట్లోకి వెళ్ళిపోయిన వదిన

ఆ సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచీ సీతాలక్ష్మి ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. అసలే మోకాళ్ళ నొప్పులు, ఆపైన ఇంటిల్లిపాదీ పెట్టే ఆరా.

"అవ్వా, నిజం చెప్పు. నువ్వే గదా పెద్దాయనకు చెప్పేసింది?" అని మనవరాలు అక్షయ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అడిగేది. "ఆ సీన్ సెమ్మగా, సూపర్‌గా ఉండాది. నా ఫ్రెండ్స్ అందరూ నీ గురించే కొట్లాడుకుంటా ఉండారు."

కొట్లాడుకోరూ మరి! దీనికంతటికీ కారణం మరిది రంగనాథం. బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషి ఊరుకోక, ఎప్పుడో ఈ పురసవాక్కం ఇంటి మీదే ఒక నవల రాశాడు. పేర్లు మార్చాడు గానీ మనుషుల్ని మార్చే ఓపిక లేకపోయింది మహానుభావుడికి. స్టీలు సామాన్ల వ్యాపారి కూతురు ఒకర్ని ప్రేమిస్తుంది. మధ్యాహ్నం పూట సంచీ పట్టుకుని పెరట్లోకి వస్తుంది. బొడ్లో తాళాలగుత్తితో పెద్దకోడలు ఎదురవుతుంది. 'వదిన ఆమె వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది' అని రాసి ఊరుకున్నాడు. పిల్ల తెరిచున్న పెరటి తలుపు దాటి వీధి చివరికి చేరేసరికి అక్కడ తండ్రి నిలబడి ఉంటాడు. ఆయనకు ఎవరు చెప్పారో నవల మొత్తంలో ఎక్కడా లేదు.

ఇన్నేళ్ళకు అరవ సినిమావాళ్ళు దాన్ని తీశారు. ఆ వదిన ముఖాన్ని తెర నిండా పెట్టి ఎంతకీ కదలనివ్వలేదు. పైగా వంటింటి గోడకు ఒక ఫోను కూడా తగిలించారు. ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఫోనెక్కడిది, వాళ్ళ మొహం! తలుపు తెరిచిపెట్టిన దేవత అని కొందరు, లోపలికెళ్ళి మామకు ఫోను చేసిన రాక్షసి అని కొందరు.

"ఏమయ్యా రంగనాథం, ఆ వదిన చెప్పిందా లేదా? రాసినోడివి నువ్వే గదా?" అని నిలదీసింది సీతాలక్ష్మి.

"అది చదివేవాళ్ళకే వదిలేసినా వదినా. అదే కళ."

"నీ కళ తగలెయ్య! రాసేముందు నన్నొక మాట అడిగుంటే చెప్పేదాన్ని గదా."

రంగనాథం కాఫీ చల్లారిపోతుందని తాగడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఆమెను అడగాలని అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచలేదు.

ఊరంతా ఏమనుకున్నా సీతాలక్ష్మికి పట్టదు. ఆమె భయమంతా మృణాళిని గురించే. సంచీ పట్టుకుని వెళ్ళిన పిల్ల ఆ మృణాళినే, సీతాలక్ష్మి ఆడపడుచు. పట్టుకొచ్చిన నెలకే రాయపురంలో తాళ్ళ వ్యాపారికిచ్చి కట్టబెట్టారు. ఆయన బతికున్నన్నాళ్ళూ పెళ్ళాంతో మెత్తగా ఒక్క మాట మాట్లాడి ఎరగడు. పెళ్ళైన దగ్గర్నుంచీ మృణాళిని శుక్రవారం శుక్రవారం వస్తుంది. హాల్లో కుర్చీలో కూర్చుని, వదిన పెట్టింది తిని, కాఫీ తాగి వెళుతుంది. ఆనాటి మాట ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. ఈ ఇంటికి సీతాలక్ష్మి కోసమని వచ్చే మనిషి ఆమె ఒక్కతే. ఈ శుక్రవారం రాకపోతే, రాక్షసి అన్న మాట నమ్మిందని అర్థం.

మృణాళిని వచ్చింది. ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. సీతాలక్ష్మి గోడకానుకుని నిలబడింది.

"సినిమా చూసినా వదినా."

"నేను చెప్పలేదే. నీ మీద ఒట్టు, మృణాళినీ..."

"నువ్వు చెప్పలేదని నాకు తెలీదా?" మృణాళిని నవ్వింది. "రోజూ భోజనాలు కాంగానే పెరటి తలుపుకి తాళం వేసేదానివి. ఆ పొద్దు వెయ్యలా. నన్ను చూసి కూడా మాట్లాడకుండా లోపలికి పొయినావు. నాకోసమే తెరిచిపెట్టినావని అప్పుడే తెలిసింది. ఈ ఇంట్లో నా పక్కన ఒక మనిషి ఉండాదని, మా ఆయన తిట్టినప్పుడంతా అదే తలుచుకునేదాన్ని."

సీతాలక్ష్మి ఇది అనుకోలేదు. ఊఁ అంటే సరిపోయేది. కానీ ఊఁ అన్నాక ప్రతి శుక్రవారం ఆ దేవత వేషం కట్టాలి. ఇప్పటికి మోసినవి చాలనిపించింది.

"నేను తెరిచిపెట్టలేదమ్మా."

మృణాళిని నవ్వు ఆగిపోయింది.

"మర్చిపోయినా. బిడ్డకు జ్వరం. రాత్రిళ్ళు కంటిమీద కునుకు లేదు. అందరికీ వండి పెట్టి, అంట్లు ముందేసుకున్నా. నిన్ను చూసినా. సంచీ కూడా చూసినా. యాడికే అని అడిగితే నువ్వేదో చెప్తావు. అది వినాల, విని ఏదో ఒకటి చెయ్యాల. నాకు ఓపిక లేకపోయింది. నీ మీద ప్రేమా కాదు, కోపమూ కాదు. అలుపు. అంతే."

"అంతేనా?"

"అంతే."

మృణాళిని కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ ఆమె కొంగున ముడేసుకుని దాచుకున్నదాన్ని తన చేత్తోనే లాక్కున్నట్టయింది సీతాలక్ష్మికి. ఈమె ఇక రాదు అనుకుంది. అలవాటు కొద్దీ గోడ వదిలి, "కాఫీ పెడతా" అంటూ వంటింటి వైపు తిరిగింది.

"ఆగు వదినా."

మృణాళిని కళ్ళు తుడుచుకుని లేచింది. వదిన ముఖంలోకి చాలాసేపు చూసింది. భుజాలు పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇన్ని శుక్రవారాల్లో సీతాలక్ష్మి ఆమె ముందు కూర్చున్నది లేదు. కూర్చోమన్నవాళ్ళూ లేరు.

వంటింట్లో గిన్నెల చప్పుడైంది.

"చక్కెర డబ్బా యాడ పెట్టినావు వదినా?"

సీతాలక్ష్మి లేవబోయింది.

"లేచినావంటే చూడు! ఆడనుంచే చెప్పు."

"పై అరలో, ఎడమ పక్క" అంది సీతాలక్ష్మి. ఆ మాట వంటింట్లోకి వినపడలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ చెప్పింది.