మూలమడిలో అడ్డగీత

హుమ్మ ఊరి ఉప్పుకొటార్లలో తొలి ఉప్పుపొర తేలిన పొద్దున, మేస్త్రీ బాబూరావు టీగ్లాసు పట్టుకుని గట్ల మీద తిరుగుతాడు. ఆ ఏడు ఏ మడిలో ఎవరు దిగాలో వాళ్ళ అరచేతి గీతలు పొర మీద తేలి ఉంటాయి. ఆయన చూసి పేర్లు పిలుస్తాడు, వాళ్ళు దిగుతారు. రంభ ఊళ్ళో ఆటో తోలుకునే పైడన్నని మడి పిలిస్తే బండి అమ్మేసి మరీ వచ్చాడు. పరాయి చెయ్యి దిగితే ఆ చేతిని ఉప్పు తినేస్తుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

గీత చూసి జాతి చెప్పేస్తానని బాబూరావుకి మహా గొప్ప. తెలుగోళ్ళవి మూడు గీతలట. ఒడియావాళ్ళవీ మూడేనట, కాకపోతే రెండు మొదట్లో అంటుకుని ఉంటాయట. అరచేతిని ఈ కొసనుంచి ఆ కొసకి కోసేసే ఒంటి అడ్డగీత కొండమీది సవరలకే ఉంటుందట. ఎన్ని చేతులు పట్టుకు చూశావయ్యా అని అడిగినవాడు లేడు.

ఈ ఏడు మూలమడిలో అడ్డగీత తేలింది. పక్క మడిలో పనిచేసే పద్మావతి చూడగానే గుర్తుపట్టింది. చిటికెనవేలి కింద చీలిన ఆ గీత ఆమె కూతురు సాయిసుధది. నలుగురూ ఎవరి రక్తమని అడుగుతారని ఆ చేతికి గోరింటాకు పెట్టి పెట్టి పెంచింది. పిల్ల బరంపురంలో నర్సింగు ఆఖరి ఏడు చదువుతోంది. కొటార్లలో పుట్టిన బతుకు కొటార్లు దాటడానికి ఇంక ఒక్క అడుగే తక్కువ.

బాబూరావు సవర జగ్గన్నని పిలిపించాడు. హైవే మీద లారీలకి బస్తాలెత్తే మనిషి. అతను మడి పక్కన గొంతుక్కూర్చుని తన చెయ్యి ఆనించి చూసుకున్నాడు.

"ఇది నాది కాదు బాబూ. నా గీతకి సీలిక లేదు."

"కొండోళ్ళందరిదీ ఒకటే గీతరా. దిగు," అన్నాడు బాబూరావు.

జగ్గన్న తలెత్తి పద్మావతి వైపు చూశాడు. ఆమె ఆడే మాట మీద అతనికి గురి.

"నీదేలే జగ్గన్నా," అంది పద్మావతి.

జగ్గన్న దిగాడు. వేళ్ళ సందుల్లో మొదలైన పుళ్ళు మణికట్టు దాకా పాకాయి. పద్మావతి రోజూ కొబ్బరినూనె పట్టుకెళ్ళి రాసేది. రాస్తున్నంతసేపూ తన పాపమే తన వేళ్ళకి అంటుకుంటున్నట్టుండేది. అతను మాత్రం నీ రుణం ఉంచుకోనమ్మా అనేవాడు. చివరికి బరంపురం పెద్దాసుపత్రిలో చెయ్యి తీసేశారు.

ఆదివారం సాయిసుధ ఇంటికొచ్చింది. జగ్గన్నకి కట్లు కట్టింది తనేనట.

"నా సెయ్యి తిరగేసి శానాసేపు సూశాడమ్మా. తల్లీ, ఈ సెయ్యి హుమ్మలో ఎవలికీ సూపించకు, అన్నాడు. ఎందుకన్నాడే అలాగ?"

పద్మావతి గోరింటాకు నూరడానికి కూర్చుంది.

మర్నాడు మూలమడిలో ఆ గీతే మళ్ళీ తేలింది. పద్మావతి తిన్నగా బాబూరావు దగ్గరికెళ్ళి అది తన కూతురి గీతని చెప్పేసింది.

ఆయన నవ్వాడు. "తెలుగోళ్ళ సేతికి ఆ గీతేటి, పద్మా? ఆడి మీద జాలితో అంటన్నావు. ఎల్లు, ఎల్లి పని సూసుకో."

పిల్లని తీసుకొచ్చి చూపిస్తాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పద్మావతి దాన్ని మింగేసింది.

అప్పటికే జగ్గన్న బదులు దిగడానికి అతని పెళ్ళాన్ని పిలుచుకొచ్చి గట్టు మీద నిలబెట్టారు. ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటోంది. ఆమె చెయ్యి ఎవరూ చూడలేదు.