ఇంటికి ఎనిమిది బారలు

రైలుకట్ట కింద తూము మూసేస్తారని తెలిసి ఊరంతా గొణుక్కుంది గానీ, వెళ్లి దాని నోటి దగ్గర కూర్చున్నది మాత్రం వెంకటసుబ్బులమ్మ ఒక్కతే. తెల్లదొరలు పోయాక, కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. గిద్దలూరు అవతల ఆ చిన్న స్టేషను ఊరికి ఆ తూములోంచి పారే చిన్నకాలవే దిక్కు. తూము మూస్తే కట్ట దిగువ పొలాలన్నీ బీళ్లే, ఆమె రెండెకరాలతో సహా.

తూము మూసేందుకు రాళ్లు దింపించి, రైల్వే ఇంజనీరు పటం విప్పాడు. "లైను వేసినప్పటి పటమమ్మా ఇది. ఇందులో కాలవ లేదు. తూము వాననీళ్లకని పెట్టింది. మీరు తర్వాత దొంగతనంగా కాలవ తవ్వి కలిపారు."

దొంగతనమా! ఆమెకు ఒళ్లు మండిపోయింది. తాతలు తవ్వుకున్న కాలవ. తవ్విన నాడే ఇంటికి ఎనిమిది బారల చొప్పున వంతులు పంచుకుని హద్దురాళ్లు పాతారు. ఈనాటికీ ఏటా ఎవరి వంతులో పూడిక వాళ్లే తీస్తారు.

"పటం జోబులో పెట్టుకొని కాలవలోకి దిగు నాయనా."

"వదినా, ఆఫీసరుతో మనకేంది, ఊరుకో" అని మరిది ఓబులేసు బతిమాలాడు.

"నువ్వు నోరు మూసుకొని లెక్కపెట్టు."

ఇంజనీరు నవ్వుకుంటూ దిగాడు. ఆమె కొంగు బిగించి, చేతులు బారచాపి కొలిచింది. ఆదెయ్య వంతు ఎనిమిది. కాశయ్య వంతు ఎనిమిది. తన వంతు రెండు బారలయ్యేసరికి కట్ట అడ్డమొచ్చింది. కట్టెక్కి దిగి అవతల కొలిస్తే మళ్లీ రెండే, అక్కడ హద్దురాయి.

"అందరికీ ఎనిమిదిచ్చి మా ఇంటికి ఇట్ల ముక్కలు పంచుతారా? ముందే కట్ట ఉంటే, దాని కింద వంతు తీసుకునేదానికి మా తాతేమన్నా పిచ్చోడా?"

ఇంజనీరు ఏదో అనబోయేలోగా ఆమె తూములోకి దూరింది. లోపలి నుంచి కేకలు వినబడ్డాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగో కేకతో, ఒళ్లంతా దుమ్ముతో ఇవతలికి వచ్చింది.

ఇంజనీరుకు నవ్వు పోయింది. రెండూ నాలుగూ రెండూ వేళ్ల మీద కూడుకున్నాడు. "సరేనమ్మా, తెచ్చిన రాళ్లు తీయిస్తాను. తూము వాడుకోనివ్వమని ఒక అర్జీ మాత్రం రాసివ్వండి."

ఓబులేసు సంతోషంతో దండం పెట్టబోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టి ఆపింది.

"మేమెందుకు రాస్తాం నాయనా? మా వంతులోకి వచ్చింది మీ రైలు. దాన్ని మా కాలవ మీద పోనియ్యమని నువ్వే రాసియ్యి. ఊరోళ్లమంతా కూర్చొని ఆలోచిస్తాం."