ఏడుంపావు రైలు

రోజమ్మకు డ్రైవింగ్ టెస్టు మూడోసారి కూడా పోయింది. మొదటి రెండుసార్లూ ఇంట్లోవాళ్ళు ఓదార్చారు. మూడోసారికి ఓదార్చే ఓపిక ఎవరికీ మిగల్లేదు. వాళ్ళు వలస వచ్చిన స్విండన్ ఊళ్ళో ఐదు చిన్న రౌండబౌట్లను చుట్టూ పేర్చి ఒక పెద్ద రౌండబౌట్ కట్టారు. కట్టినవాళ్ళ ఉద్దేశం ఏమిటో గానీ, రోజమ్మ అందులోకి వెళ్ళాక బయటపడే దారి దొరక్క మూడు చుట్లు తిరిగింది. పక్కన కూర్చున్న ఎగ్జామినర్ కాగితం మీద రాయడం మానేసి సీటు గట్టిగా పట్టుకున్నాడు.

"పుట్టి బుద్ధెరిగాక ఏ గుడి చుట్టూ తిరగలేదు గదా, ఇక్కడ చేశావా ప్రదక్షిణాలు!" అన్నాడు భర్త రత్నబాబు. మామూలుగా అయితే రోజమ్మ నవ్వేదే. ఆ రోజు నవ్వలేదు.

కారణం ఉంది. ఆమె పని ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు స్నానం చేయించి, మందులు వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి రావడం. రెండేళ్ళుగా టౌన్‌లోనే నడిచి తిరిగే ఇళ్ళు ఇచ్చారు. రెండు వేల ఐదు మార్చిలో, ఆమెను పనిలో పెట్టుకున్న ఏజెన్సీవాళ్ళు రోటా, అంటే ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో రాసే పట్టిక, మార్చి, టౌన్ రౌండ్ ఇంకొకరికి ఇచ్చేశారు. మిగిలింది పల్లెల రౌండ్. దానికి కారుండాలి. వర్క్ పర్మిట్ ఆ ఏజెన్సీ పేరు మీదే ఉంది. పని పోతే రోజమ్మ వీసా, దాన్ని పట్టుకుని వేలాడుతున్న రత్నబాబు వీసా, పదమూడేళ్ళ కూతురు జెన్నిఫర్ బడి, అన్నీ ఒకేసారి పోతాయి.

"కారు లేకుండా ఎలా వెళ్తావు?" అని మేనేజర్ హిలరీ అడిగింది.

"సైకిలు మీద," అంది రోజమ్మ. అనేశాక గానీ ఏమన్నదో తెలియలేదు.

హిలరీ ఆమెను పైనుంచి కిందికి చూసింది. నలభై ఏడేళ్ళ మనిషి, పొట్టి, కాస్త ఒళ్ళు. "నాలుగు వారాలు చూస్తాను. మూడుసార్లు ఆలస్యమైతే ఇంక నేనేమీ చెయ్యలేను," అంది. చెడ్డ మనిషి కాదు హిలరీ, కాకపోతే గడియారంతో పెళ్ళయిన మనిషి.

హిలరీకి తెలియని సంగతి ఒకటుంది. రోజమ్మ రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో పదహారేళ్ళు నర్సుగా తిరిగింది. కాలవగట్ల మీద, వానలో, బురదలో, సైకిలు హ్యాండిల్‌కి టీకామందుల డబ్బా తగిలించుకుని తిరిగింది. కారు ఆమె మాట వినలేదు గానీ సైకిలు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

చర్చిలో ఎవరో పాత సైకిలు ఇచ్చారు. దారి మాత్రం రత్నబాబు కనిపెట్టాడు. వాళ్ళ కాలనీ చివర, గరాజుల వెనక, ఒక నీలం బోర్డు మీద తెల్ల సైకిలు బొమ్మ ఉంది. అక్కడినుంచి ఒకప్పుడు రైలు నడిచిందట. నలభై ఏళ్ళ కిందట పట్టాలు పీకేసి, తర్వాత ఎప్పుడో ఆ కట్టను నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ గుర్రాలకూ వదిలేశారు. కారు అన్నది రాదు. ఏడు మైళ్ళు, దాన్ని ఆనుకుని మూడు ఊళ్ళు. రోజమ్మ వెళ్ళాల్సినవి సరిగ్గా ఆ మూడే.

ఏప్రిల్ మొదటి సోమవారం తెల్లవారి ఆరున్నరకు బయల్దేరింది. రైలు కోసం వేసిన దారి గనక ఎత్తుపల్లాలు లేవు. రెండువైపులా ముళ్ళకంచెల నిండా తెల్లపూలు. అవతల పొలాల్లో గొర్రెపిల్లలు తల్లుల వెనక గంతులేస్తున్నాయి. పొగమంచు మోకాళ్ళ ఎత్తున పరుచుకుని ఉంది. ఎవరూ హారన్ కొట్టలేదు, ఎవరూ ఆమె ఇండికేటర్ వెయ్యలేదని గొణగలేదు. ఈ దేశం వచ్చాక మొదటిసారి రోజమ్మ గట్టిగా పాట పాడుకుంది. ఆ సంతోషం అంతా ఇంతా కాదు.

పాటతో ఆగితే బాగుండేది. బెల్లు కూడా కొట్టింది.

రేపల్లె తాలూకాలో ఆమె బెల్లుకి ఒక మర్యాద ఉండేది. ఊరి మొదట్లో ఒకసారి, ప్రతి మలుపులో ఒకసారి, ప్రతి ఇంటి ముందూ రెండుసార్లు. ఆ చప్పుడు వింటే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పోలియో చుక్కలకు వచ్చేవాళ్ళు. బెల్లు కొట్టకుండా ఊళ్ళోకి వచ్చేవాడు దొంగైనా అయ్యుండాలి, అప్పులవాడైనా అయ్యుండాలి. అందుకని ఇక్కడా అలాగే కొట్టింది. కుక్కలతో నడిచేవాళ్ళ వెనక కొట్టింది. మలుపుల్లో కొట్టింది. మొదటి ఊరికి ముందు, దారి పక్కనే పాత స్టేషన్‌ని ఇల్లుగా మార్చుకున్న ఒక కట్టడం ఉంటే, దాని ముందు రోజూ ఏడుంపావుకు ట్రింగ్ ట్రింగ్‌మని రెండుసార్లు, పద్ధతి ప్రకారం కొట్టింది.

ఎనిమిదో రోజున హిలరీ పిలిచింది. స్టేషన్ ఇంట్లో ఉండే మిస్టర్ హారిస్ ఫోన్ చేశాడట. రోజమ్మ వేసుకునే నీలం కోటు వీపు మీద ఏజెన్సీ పేరు చూసి నంబరు కనుక్కున్నాడు. తెల్లవారేసరికి ఈ గోలేమిటని అడిగాడట.

"ఇంకో కంప్లయింట్ వచ్చిందంటే ఆలస్యాలు లెక్కపెట్టే పని కూడా ఉండదు," అంది హిలరీ.

ఇంటికొచ్చి చెబితే జెన్నిఫర్ తల పట్టుకుంది. "మమ్! ఇక్కడ బెల్ కొడితే 'అడ్డు లే' అన్నట్టు. ఇట్స్ లైక్ షౌటింగ్ ఎట్ పీపుల్. స్లో అయి, గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళాలి."

"అది అరుపెట్టా అయిద్దే? వస్తన్నానని చెప్పటం గదా," అంది రోజమ్మ. అయినా బెల్లు మీద చేతిరుమాలు చుట్టి, జెన్నిఫర్ జుట్టు రబ్బరుబ్యాండుతో బిగించింది. నోరు కట్టేసినట్టు అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైకిలు బెల్లుకి ఏడవడం ఏమిటని తనను తనే తిట్టుకుంది.

రెండో వారంలో ముళ్ళు గుచ్చుకుని టైరు పంక్చరై ఒక ఆలస్యం. మూడో వారంలో ముందు నడుస్తున్న, ఎవరూ వెంటలేని గుర్రం ఒకటి పక్కకి తప్పుకోలేదు. బెల్లు కొట్టలేక, గుడ్ మార్నింగ్ అంటే గుర్రం వినక, దాని తోక చూస్తూ మైలు దూరం నడిచింది. రెండో ఆలస్యం.

నాలుగో వారం గురువారం నాడు, స్టేషన్ ఇంటి ముందు, దారికి అడ్డంగా చేతులు చాపుకుని మిస్టర్ హారిస్ నిలబడి ఉన్నాడు. ఎనభై ఏళ్ళుంటాయి. కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. రోజమ్మ బ్రేకు వేసింది. 'బెల్లు కొట్టలేదే, ఇప్పుడేం చేశాను తండ్రీ' అనుకుంటూ దిగింది. ఏడుంపావు దాటి రెండు నిమిషాలు. మొదటి ఇంట్లో ఏడున్నరకు ఉండాలి.

"మీరు బెల్లు ఎందుకు మానేశారు?" అన్నాడాయన.

"మీరే గదా సార్..."

"నేనే. సారీ." ఆయన చెప్పుల వంక చూసుకున్నాడు. "నా భార్య మేరియన్ ఈ ఇంట్లోనే పుట్టింది. వాళ్ళ నాన్న ఇక్కడ స్టేషన్ మాస్టరు. ఈ మధ్య మేరియన్‌కి మతి నిలవడం లేదు. నా పేరు కూడా గుర్తుండదు. మీ బెల్లుకి ఉలిక్కిపడి లేస్తోందని నేను విసుక్కున్నాను. ఉలిక్కిపడి కాదు. పొద్దుటి రైలు వస్తోందని, ఆ రోజుల్లోలాగే, పక్క స్టేషన్‌వాళ్ళు బెల్లు కొట్టారనుకుని లేచేది. లేచి ముఖం కడుక్కుని తినేది. మీరు మానేశాక, రైళ్ళు రద్దయ్యాయి, నేనెందుకు లేవాలంటోంది. రెండు వారాలుగా సరిగ్గా తినలేదు. సారీ."

రోజమ్మ రుమాలు లాగింది. మంచుకి తడిసి ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో కొరికి ఊడదీసింది. ట్రింగ్ ట్రింగ్.

పైన కిటికీ తెర కదిలింది.

అప్పుడు కూడా వెళ్ళిపోవచ్చు. గట్టిగా తొక్కితే ఏడున్నరకు అందుకోవచ్చు. సైకిలు తిప్పుతుంటే హారిస్ మెల్లగా అన్నాడు, "బట్టలు మార్చడానికి నన్ను దగ్గరికి రానివ్వదు. ఎవరో పరాయివాణ్ణంటుంది."

రోజమ్మ గడియారం చూసుకుంది. జెన్నిఫర్ కళ్ళ ముందు మెదిలింది. యూనిఫారంలో, బడి గేటు దగ్గర, తిరిగి చూడకుండా స్నేహితుల్లోకి పరిగెత్తే జెన్నిఫర్. రోజమ్మకు భయం వేసింది, చాలా భయం. అయినా పైన తిండి మానేసిన మనిషిని ఉంచుకుని కింద పెడలు తొక్కడం ఆమె వల్ల కాలేదు. సైకిలు గోడకి ఆనించి లోపలికి నడిచింది.

మేరియన్ మంచం అంచున కూర్చుని బొత్తాలతో కుస్తీ పడుతోంది. రోజమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే పెట్టింది. తల దువ్వింది. కిందికి తీసుకొచ్చి టోస్టు మొదటి ముక్క నోటికి అందించింది. రెండో ముక్క మేరియన్ తనే తీసుకుంది.

మొదటి ఇంటికి చేరేసరికి ఏడూ నలభై ఎనిమిది. అక్కడి టైమ్‌షీట్‌లో అదే రాసింది. మూడో ఆలస్యం.

మర్నాడు రోజమ్మకు పని లేని రోజు. పొద్దున్నే హిలరీ ఫోన్ చేసింది. "నీ బెల్లు గురించి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆఫీసుకి రా."

రత్నబాబు నైట్ షిఫ్టు నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు. "నేనూ వస్తా పద," అన్నాడు.

"నువ్వొచ్చి ఏం జేస్తావయ్యా? పొడుకో," అంది. ఆయన పడుకోలేదు.

హిలరీ బల్ల మీద నిన్నటి టైమ్‌షీట్ ఉంది. "ఏడున్నర అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ఎదురుచూసిన ఆవిడకి తెలుసు మేడమ్," అంది రోజమ్మ.

హిలరీ టైమ్‌షీట్ పక్కకి జరిపింది. తర్వాత ఒక కాగితం ముందుకు తోసింది. వచ్చే వారం రోటా. మొదటి వరుసలో 7.15, స్టేషన్ హౌస్, మిసెస్ హారిస్, అరగంట, ప్రతిరోజూ. మిగతా ఇళ్ళన్నీ ఒక్కో అరగంట వెనక్కి జరిగాయి.

"మిస్టర్ హారిస్ మన సాయం కావాలన్నాడు. నిన్నే పంపమన్నాడు. కారులో వెళ్ళాలంటే కొండ చుట్టి తొమ్మిది మైళ్ళు పోవాలి, అరగంట పనికి అంత పొద్దున్నే అంత దూరం ఎవరూ పోరు. ఆ టైముకి అక్కడికి చేరగలిగేది నువ్వొక్కదానివే."

రోజమ్మ చివరి గడి చదివింది. ప్రత్యేక సూచనలు రాసే ఆ గడిలో హిలరీ తన చేత్తో రాసింది: 'బెల్లు తప్పనిసరి.' రోజమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హిలరీ టిష్యూ డబ్బా జరిపి, గడియారం వంక చూడకుండా కూర్చుంది.

సోమవారం ఏడుంపావుకు రోజమ్మ పద్ధతి ప్రకారం రెండుసార్లు కొట్టింది. మేరియన్ అప్పటికే లేచి కూర్చుని ఉంది. బొత్తాలు, దువ్వెన, టోస్టు, టీ. ఏడూ నలభై ఐదుకి రోజమ్మ కోటు వేసుకుని సైకిలు దగ్గరికి వస్తే, మేరియన్ కూడా వెనకే వచ్చి పాత ప్లాట్‌ఫాం అంచున నిలబడింది. దారి రెండు వైపులా నిదానంగా, జాగ్రత్తగా చూసింది. చేతిలో వంటింటి పచ్చ తువ్వాలు. దాన్ని తలపైకెత్తి పట్టుకుంది.

రోజమ్మకు అర్థం కాక హారిస్ వైపు చూసింది.

"వెళ్ళండి," అన్నాడాయన. "లైన్ క్లియర్ ఇచ్చింది."

మూడుసార్లు టెస్టు పోయిన మనిషికి ఆ దేశంలో ఒకళ్ళు పచ్చజెండా ఎత్తడం అదే మొదటిసారి. రోజమ్మ వీపు నిటారుగా పెట్టుకుని, బెల్లు గట్టిగా కొట్టి, స్టేషన్ వదిలింది.