వార్తలమ్మ కట్టిన చీర

టీవీలో వార్తలు చదివే ఆయమ్మ ఒకసారి కట్టిన చీర మళ్లీ కట్టదంట. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు వెనక వీధిలో ఉండే చిన్నమ్మ ఈ మాట జయలక్ష్మమ్మకు చెప్పిందంట. ఆ చిన్నమ్మకేమో బెంగళూరు బస్సులో పక్కన కూర్చున్నావిడ చెప్పిందంట. జయలక్ష్మమ్మ దాన్ని జాగ్రత్తగా ధర్మవరం దాకా మోసుకొచ్చి, పక్కింటి షావుకారు వెంకటేశ్వర్లు వాకిట్లో దించింది. దించేసరికి అది దారిలో ఇంకాస్త బరువెక్కింది. ఆయమ్మ కట్టినలాంటి చీరే కావాలని హైదరాబాదులో పెద్దింటి ఆడవాళ్లు అంగళ్లలో కొట్లాడుకుంటున్నారంట.

వెంకటేశ్వర్లు ఏడు మగ్గాల షావుకారు. మాటలో నిజమెంతని చూసే మనిషి కాదు, అందులో బేరమెంతని చూసే మనిషి. నెల తిరక్కుండా రంగుల టీవీ కొన్నాడు. ఇంట్లో పెట్టుకోలేదు. తెచ్చి మగ్గాల కొట్టంలో, పట్టునూలు పెట్టె మీద పెట్టించాడు.

"బాగా చూడండప్పా. ఆయమ్మ ఈపొద్దు ఏం కడితే మనం రేపు అది నేయాల" అన్నాడు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం అది. ఆ టీవీ వచ్చేదాకా ఆ కొట్టానికి వార్తలు చెప్పేవాడు మాబుసాబ్.

ఏడో మగ్గం ఆయనది. గుంతలో కాళ్లు దించి పదేళ్లు తొక్కేసరికి మోకాళ్లు చెడిపోయాయి. మోకాళ్లు పోయినా గొంతు బాగుంది కాబట్టి మిగతా ఆరుగురూ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పొద్దున పేపరు రాగానే మాబుసాబ్ పీట మీద కూర్చుని చదవాలి. ఆరు మగ్గాల చప్పుడు దాటి వినబడేటట్టు చదవాలి. నేతగాళ్లకు పనికొచ్చే ముక్క ఉంటే రెండుసార్లు చదవాలి. దానికి బదులు ఆరుగురూ వంతులేసుకుని ఆయన మగ్గం మీద రోజుకొక జానెడు నేసిపెట్టాలి. ఆరేళ్లుగా ఒక్క రోజు కూడా ఎవరూ వంతు ఎగ్గొట్టలేదు. మాబుసాబ్ కూడా ఒక్క రోజు ఒక్క ముక్క మింగలేదు.

ఆయన చదవడం నేర్చుకున్నది పెనుకొండలో, పంచాయతీ రేడియో కింద. ధర్మవరం మగ్గాలకు రాకముందు, డెబ్బై రెండు డెబ్బై మూడు ప్రాంతంలో, సాయంత్రమైతే ఆ రేడియో గొట్టం కిందికి చేరేవాడు. ఆ గొట్టంలోంచి వచ్చే గొంతుకు ముఖం లేదు. ఆ మనిషి నల్లగా ఉంటాడో ఎర్రగా ఉంటాడో, మీసముందో లేదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ పుట్టలేదు. మొదట తన పేరొకటి చెప్పుకుని, ఆ తర్వాత తాను పక్కకు తప్పుకునేవాడు. ఎన్నికలైనా, కరువైనా, గొప్పవాళ్ల చావైనా ఒకే తూకంలో చెప్పేవాడు. ఏడవాల్సిన వాళ్లు విన్నాక ఇంటికి పోయి ఏడ్చుకునేవాళ్లు. వార్త చెప్పే మనిషంటే అట్లా ఉండాలని మాబుసాబ్ అభిప్రాయం. ఆయన కూడా పీట మీద కూర్చుంటే గోడలాగా కూర్చునేవాడు.

టీవీ వార్తలు ఆయనకు బొత్తిగా కొత్త కాదు. హిందూపురంలో మేనల్లుడు చాంద్ ఇంట్లో నలుపూ తెలుపూ పెట్టె ఉండేది. ఇంటి మీద యాంటెన్నాను బెంగళూరు వైపు తిప్పితే కన్నడం వార్తలు వచ్చేవి. లావు కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన కాగితం మీదికి వంగి చదివేవాడు. నడినెత్తి తప్ప ముఖం కనబడేది కాదు. "పర్వాలేదు, బుద్ధిమంతుడే" అనుకున్నాడు మాబుసాబ్.

ఇప్పుడు ఈ రంగుల పెట్టెలో తెలుగు వార్తలమ్మ వచ్చి కూర్చుంది.

ఆయమ్మ ముందు నమస్కారం పెట్టి నవ్వేది. అది సరే, ఇంటికొచ్చిన మనిషి నవ్వుతుంది. ఆ తర్వాత ముదిగుబ్బ పక్క మేత లేక గొర్రెలు చస్తున్నాయని చెప్పి నవ్వేది. ముదిగుబ్బ పేరును కూడా నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు పలికేది. ఓబులదేవరచెరువు రోడ్డులో బస్సు బోల్తాపడి నలుగురికి కాళ్లు విరిగాయని చెప్పి, తల కాస్త పక్కకు వంచి, మల్లెపూలు భుజం మీదికి జారేటట్టు చూసుకుని మరీ నవ్వేది. ఒక వార్తకూ ఇంకో వార్తకూ నడుమ పైట సర్దుకునేది. ఆ సర్దుకోవడం కోసమే వార్తలు ఆపుతున్నట్టుండేది.

"పెండ్లిచూపులకు కూసున్నట్టు కూసుందే. చచ్చినోని ఇంటికి పోయినా ఇట్లే నవ్వుతాదా ఈయమ్మ?" అన్నాడు మాబుసాబ్ మొదటి రోజే.

"నవ్వితే నీకేమప్పా నష్టం?" అంది కండెలు చుట్టే చౌడక్క. "మీ పేపరోళ్ల మాదిరి మూతి ముడుచుకోనుంటే ఎవురు చూస్తారు?"

"చూసేదానికేనా వార్తలు?"

"మరి టీవీ యాల పెట్టినారు, వినేదానికా?" అంది చౌడక్క. అందరూ నవ్వారు.

వెంకటేశ్వర్లు పేపరు మాన్పించేశాడు. ఇంత డబ్బా ఉండగా ఇంకా ఆ కాగితం ఎందుకన్నాడు. రేపు పొద్దున పేపరు చెప్పేది ఈ రాత్రికే టీవీ చెబుతుందన్నాడు. అందులో అబద్ధం లేదు. సాయంత్రం ఏడు కొట్టగానే మగ్గాలు ఆపించి, గీతల కాగితం ఒళ్లో పెట్టుకుని, తలా ఒక పని పంచేవాడు.

"కొండప్పా, నువ్వు అంచు చూడు. చౌడక్కా, నువ్వు రంగు గుర్తు పెట్టుకో. ఈరప్పా, పైట మీద బుటాలు ఎన్నుండాయో లెక్క తీ. కిందంచు బల్ల వెనక దాక్కుంటాది, దాన్ని నేను చూసుకుంటా."

మాబుసాబ్‌కు పని చెప్పింది షావుకారు కాదు, నేతగాళ్లు. వాళ్ల అవసరం వేరు. ఊరి బయట నేతగాళ్లకు మగ్గం వేసుకునేటంత ఇంటిస్థలం ఇస్తారని ఏడాదిగా మాట నడుస్తోంది. అర్జీలు పెనుకొండలో తీసుకుంటారు. ఆఖరు తేదీ వార్తల్లో చెబుతారు. ఆ స్థలం చేతికొస్తే వెంకటేశ్వర్లు కొట్టంలోంచి బయటపడి ఎవరి మగ్గం వాళ్లు వేసుకోవచ్చు. షావుకారు ముందర ఈ మాట ఎవరూ ఎత్తరు.

"మాబూ, మా కండ్లు ఆ చీర మీద ఉండాల, లేకుంటే ఆయప్ప ఊరుకోడు" అన్నాడు కొండప్ప, షావుకారు లేనప్పుడు. "నువ్వు ఇను. తేదీ చెప్పినారంటే మాత్రం ఇడ్సిపెట్టొద్దు. నీ జానెడు మేము ఎప్పట్లాగే నేస్తాం."

"నాకు చెప్పల్నా? ఆరేండ్లలో ఒక్కటన్నా ఇడ్సిపెట్టినానా?" అన్నాడు మాబుసాబ్.

విడిచిపెట్టని మనిషే. కానీ ఆయనకు ఈ మధ్య ఇంకో పని తగిలింది. ఆ నవ్వు ఆయనను నిద్రలో కూడా వదలడం లేదు. నెల రోజులు లెక్క తీసి, చావులు చెబుతూ ఎన్నిసార్లు నవ్విందో హైదరాబాదులో టీవీ వాళ్లకు కార్డు రాయాలనుకున్నాడు. మగ్గాల కొట్టంలో తెగిన పట్టుపోగులకు కొదవ లేదు. రోజుకొక పోగు తీసి జేబులో వేసుకునేవాడు. ఆయమ్మ చెడ్డ వార్త చెప్పి నవ్విందంటే పోగుకు ఒక ముడి. చీర చూసేవాళ్లు చీర చూస్తుంటే ఆయన ముడులు వేసేవాడు. మూడు వేసిన రోజు తృప్తిగా ఉండేది కాదు. ఏడు వేసిన రోజు కడుపు నిండినట్టుండేది.

మిరపపండు రంగు చీర కట్టిన రోజు మాబుసాబ్‌కు పండగే. గుడిసెలు కాలితే నవ్వింది. బావిలో ఎవరో పడితే నవ్వింది. మళ్లీ ముదిగుబ్బ గొర్రెలు, మళ్లీ నవ్వు. పదో ముడి దగ్గర పట్టుపోగు చేతిలో జారింది. టీవీ వెలుతురులోకి వంగి, పోగు కొస నోట్లో తడిపి, ముడి బిగించి తల ఎత్తేసరికి ఆయమ్మ ఏదో చిన్న ముక్క ముగించి పైట సర్దుకుంటోంది. తర్వాత వాన లేదని చెప్పి నవ్వింది. పదకొండు.

"ఏమన్నా చెప్పినారా మాబూ?" అన్నాడు కొండప్ప, గీసిన అంచును షావుకారుకు చూపించి వస్తూ.

"ఏముండాది చెప్పేదానికి. దరిద్రం" అన్నాడు మాబుసాబ్, పోగును మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఆ మిరపపండు చీర ధర్మవరంలో అందరికంటే ముందు నేసింది వెంకటేశ్వర్లు మగ్గాలే. చూసిన కొట్టమల్లా దాన్ని నేసింది. పెళ్లికూతుళ్లకు కొనడానికి వచ్చినవాళ్లు వార్తల చీర ఉందా అని అడిగేవాళ్లు. వార్తలకు ఇంతకంటే మంచి గతి ఏం పడుతుందని మాబుసాబ్ ఒక్కడే గొణుక్కున్నాడు.

నెల దాటాక కొండప్ప చెల్లెలి కూతురి పెళ్లి మాటలకు పెనుకొండ వెళ్లాడు. తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కొట్టంలోకి వచ్చాడు. వెంకటేశ్వర్లు బేరం మీద హిందూపురం పోయి ఉన్నాడు.

"స్థలాలు ఇచ్చేసినారు" అన్నాడు.

నాడెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఎదురు కొట్టంలో నేతగాళ్లకు ఆరుమందికీ వచ్చినాయి. పేర్లు గోడకు అంటించినారు, నా కండ్లతో చూసొచ్చినా. మన పేర్లు యాడుంటాయి, అర్జీ ఇస్తే గదా. తేదీ అయిపోయి పదైదు దినాలైందంట."

"వాళ్లకెట్ల తెలిసిందప్పా?" అన్నాడు ఈరప్ప.

"రేడియోలో ఇన్నారంట. ఎదురుగానే ఉండారు గదా, మాకొక మాట చెప్పకూడదా అంటే, మీకు రంగుల టీవీ ఉండాది, మీకు మేం చెప్పల్నా అన్నారు."

"టీవీలో చెప్పలేదు గదా" అంది చౌడక్క.

"చెప్పినారంట. అదే పొద్దు టీవీలోనూ చెప్పినారని ఆఫీసు కాడ నలుగురన్నారు. మిరపపండు రంగు చీర కట్టిన పొద్దు."

చౌడక్క చేతిలో కండె నేల మీద పెట్టింది.

"మిరపపండు రంగే. అంచు ఆకుపచ్చ. రైక కూడా ఆకుపచ్చే" అంది, ఎవరో నిలదీసినట్టు. "నాకు రంగు చూడమన్నారు, రంగు చూసినా."

"గోపురం అంచు. గోపురానికీ గోపురానికీ నడుమ జరీ రుద్రాక్ష" అన్నాడు కొండప్ప. "నేను గీసిచ్చిందే గదా, ఊరంతా నేస్తాండారు."

"పైట మీద బుటాలు ఇరవై రెండు" అన్నాడు ఈరప్ప.

చెప్పడం అయిపోయాక ముగ్గురూ ఏడో మగ్గం వైపు తిరిగారు. దాని మీద ఆ రోజు వంతు జానెడు అప్పటికే నేసి ఉంది. పక్కన పీట మీద మాబుసాబ్ గోడలాగా కూర్చుని ఉన్నాడు.

"మాబూ, మాకు చెప్పిన పనులు మేము చేస్తిమి" అన్నాడు కొండప్ప. గొంతు ఏమాత్రం పెంచలేదు. "నిన్ను ఇనమంటిమి. ఆపొద్దు నువ్వూ ఈడ్నే ఉంటివి గదా. నువ్వేమిన్నావు?"

మాబుసాబ్ జేబులో చెయ్యి పెట్టాడు. నెల రోజుల పోగులు చిక్కుపడి ఉండ కట్టాయి. వాటిలోంచి ఒకటి వేరుచేసి, రెండు కొసలూ పట్టుకుని వాళ్ల ముందర సాగదీశాడు.

"పదకొండుసార్లు నవ్వింది" అన్నాడు.